ఉచిత వైద్యపాఠాల్లో ఏది దేనికి పనికొస్తుంది?

మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఒక సాయంత్రం ఫోను చేతపట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పదకొండు యాప్‌లు, వందల కొద్దీ దాచుకున్న వీడియోలు, దించుకున్న పుస్తకాలతో నిండిన ఫోల్డర్లు చూపించింది. "ఇవన్నీ ఉన్నాయి మేడమ్. అయినా ఈ రోజు వార్డులో గుండె వైఫల్యం గురించి అడిగితే రెండు వాక్యాలు కూడా చెప్పలేకపోయాను" అంది. రోజుకు ఎనిమిది గంటలు చదివే పిల్ల ఆమె. శ్రమలో లోటు లేదు. ఆ ఎనిమిది గంటలూ ఎక్కడికి పోతున్నాయో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఒకే విషయం మీద నాలుగు వీడియోలు, వాటిలో ఏది బాగుందో తేల్చుకోవడానికి మరో గంట, స్నేహితులు పంపిన కొత్త యాప్ అలవాటు చేసుకోవడానికి ఇంకో గంట. మిగిలిన సమయంలో చదువు.

నేను చదువుకున్న రోజుల్లో ఒక పాఠ్యపుస్తకం, గ్రంథాలయంలో వంతు వస్తే దొరికే మరో రెండు పుస్తకాలు, అంతే. దేన్ని వదిలేయాలన్న ప్రశ్న మాకు ఎదురే కాలేదు. ఇప్పటి విద్యార్థుల అసలు కష్టం అదే. డబ్బు అడగని వనరు సమయాన్ని అడుగుతుంది. అందుకే ఏది గొప్పది అని వెతకడం మాని, ఇప్పుడు నాకు కావలసిన పని ఏమిటి అని మొదలుపెట్టమంటాను. అర్థం కావడం ఒక పని. గుర్తుండటం వేరొక పని. చూసి, విని పోల్చుకోవడం మూడోది. చదివినది నిజమో కాదో తేల్చుకోవడం నాలుగోది. ఒక పనికి చక్కగా పనికొచ్చే వనరు మరో పనికి వట్టి కాలహరణం. ఆ అమ్మాయి తడబడిన గుండె వైఫల్యాన్నే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

అర్థం కావాలంటే వీడియోనా, పుస్తకమా?

గుండె బలహీనపడితే కాళ్లు ఎందుకు వాస్తాయి? గుండె పంపే రక్తం తగ్గుతుంది. మూత్రపిండాలు దాన్ని నీటి కొరతగా తీసుకుంటాయి. రెనిన్ విడుదలవుతుంది, ఆపైన యాంజియోటెన్సిన్, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లు పెరిగి ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపేస్తాయి. అప్పటికే నిండుగా ఉన్న సిరల్లో ఒత్తిడి ఇంకా పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి నడిచే సంగతులకు వీడియోను మించినది లేదు. హృదయచక్రం, పిండం మడతలు పడుతూ ఆకారం దాల్చడం, మూత్రపిండంలో ద్రవాలు ఎదురెదురుగా ప్రవహించే ఏర్పాటు, ఇవన్నీ కదలికలో చూస్తేనే తలకెక్కుతాయి. అదే మందుల దుష్ప్రభావాల పట్టికనో, ఒక జబ్బుకున్న పన్నెండు కారణాలనో వీడియోలో వినడం సమయాన్ని పారబోయడమే. కన్ను రెండు నిమిషాల్లో చదివేదాన్ని గొంతు పది నిమిషాలు చెబుతుంది.

వీడియోలన్నీ ఒక్కటి కావు. పునాదే సరిగ్గా లేదనిపిస్తే, ఉదాహరణకు ఒత్తిడికీ ప్రవాహానికీ సంబంధమే తెలియకపోతే, 2008లో మొదలైన ఖాన్ అకాడమీ పాఠాలు ఓపికగా కింది మెట్టు నుంచి ఎక్కిస్తాయి. నింజా నెర్డ్ పాఠాలు తెల్లబోర్డు మీద చాలాసార్లు గంట దాటి సాగుతాయి. ఒక వ్యాధి పుట్టుకను మూలం నుంచి తెలుసుకోవాలన్నప్పుడు వాటికి కూర్చోండి, పరీక్షకు ముందు రోజు వద్దు. ఆస్మోసిస్ వీడియోలు చిన్నవి, పైపైన ఒక రూపురేఖ ఇస్తాయి. వాటిలో కొన్నే యూట్యూబ్‌లో ఉచితం, మిగిలినవి చందాదారులకే. 2021లో ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. అర్మాండో హసుదుంగన్ చేత్తో గీసిన బొమ్మలు అందంగా ఉంటాయి, ఒక విషయాన్ని ఒకే చిత్రంలో ఇమిడ్చి చూడాలనుకునేవారికి నచ్చుతాయి. వీటిలో ఒకరిని ఎంచుకోండి. ఆ గొంతు, ఆ బొమ్మల తీరు అలవాటైతే తర్వాతి పాఠం తేలికవుతుంది. అంశానికొక ఉపాధ్యాయుడిని మార్చేవారు ప్రతిసారీ కొత్త గొంతుకు అలవాటు పడటంతోనే అలసిపోతారు.

పుస్తకాల విషయానికొస్తే, ఓపెన్‌స్టాక్స్ వారి శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాల పాఠ్యపుస్తకం 2013లో వచ్చింది, రెండో కూర్పు 2022లో. పూర్తిగా దించుకోవచ్చు, నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. అయితే అది డిగ్రీ విద్యార్థుల కోసం రాసిన పరిచయ గ్రంథం. వైద్యవిద్య మొదటి సంవత్సరంలో తొలిసారి ఒక అధ్యాయం తెరిచినప్పుడు తోడుగా పనికొస్తుంది, దాన్నే ప్రధాన పుస్తకం చేసుకుంటే లోతు చాలదు. వ్యాధుల గురించి చిన్న అధ్యాయాలు కావాలంటే స్టాట్‌పెర్ల్స్ ఉంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌ అనే సైటులో ఉచితంగా చదవవచ్చు. అధ్యాయం మీద రచయితల పేర్లు, చివరిసారి సవరించిన తేదీ కనిపిస్తాయి. ఆ రెండూ ఉండటం నాకు చాలా ముఖ్యం. కానీ అధ్యాయానికీ అధ్యాయానికీ నాణ్యతలో తేడా ఉంది. కొన్ని మంచి ఉపాధ్యాయుడి నోట్సులా ఉంటాయి, కొన్ని హడావిడిగా అతికించినట్టుంటాయి.

వీడియో చూసినా పుస్తకం చదివినా ఒక పరీక్ష మాత్రం మానకండి. అయిపోగానే దాన్ని మూసేసి, తెల్లకాగితం మీద ఆ గొలుసుకట్టును చేత్తో గీయండి. బాగా చెప్పే ఉపాధ్యాయుడి మాట వింటున్నప్పుడు ఆయన తేటదనం మనదే అనిపిస్తుంది. కాగితం ఆ భ్రమను నిమిషంలో తొలగిస్తుంది. ఆ అమ్మాయి నాలుగు వీడియోలు చూసింది కానీ ఒక్కసారీ గీయలేదు.

గుర్తుండాలంటే కార్డులా, ప్రశ్నలా?

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే నెగ్గారు. వారం తర్వాత పెడితే, గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు. ఉచిత వనరును ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది దీన్నే. అది జవాబు చూపించే ముందు నన్ను ఏమైనా అడుగుతోందా? అడగని వనరు ఎంత అందంగా ఉన్నా జ్ఞాపకానికి చేసే సాయం తక్కువ.

అడిగే వనరుల్లో ఎక్కువమంది వాడేది ఆంకీ, ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డుల యాప్. జపాన్ భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడం అని అర్థం. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశాడు. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోను యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి. ఐఫోను ఉన్నవారు బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ద్వారా ఉచితంగానే కార్డులు తిప్పుకోవచ్చు. మనం ఒక కార్డును ఎంత తేలికగా గుర్తుచేసుకున్నామో చెబితే, మళ్లీ ఎప్పుడు చూపించాలో అది లెక్క వేసుకుంటుంది. మరిచిపోబోయే సమయానికి ఎదురుగా తెచ్చి పెడుతుంది. 2023 చివరి నుంచి ఈ లెక్కకు ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త పద్ధతి కూడా అందులో ఉంది. మన సొంత జ్ఞాపకశక్తి తీరును గమనించి అది వ్యవధులను సవరిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఎంచుకోండి.

ఇక్కడ పెద్ద సందేహం, ఎవరో తయారుచేసిన కార్డులా, సొంతంగా రాసుకున్నవా అన్నది. ఆంకింగ్ వంటి సిద్ధంగా దొరికే కట్టల్లో వేల కొద్దీ కార్డులుంటాయి. అవి అమెరికా లైసెన్సు పరీక్షను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మీ పరీక్ష అది కాకపోతే, మీకు అక్కరలేని వాటి మీద రోజూ గంటలు పోతాయి, కావలసినవి కొన్ని ఉండవు. సొంతంగా రాసుకోవడం నెమ్మది. కానీ కార్డు రాయడానికి విషయాన్ని విడదీయాలి, విడదీయాలంటే అర్థం కావాలి. మొదటి ఆరు నెలలు రోజుకు పది నుంచి పదిహేను సొంత కార్డులు రాసుకోండి. చేయి తిరిగాక, ఒక అధ్యాయం చదివి అర్థమయ్యాకే సిద్ధంగా ఉన్న కట్టలోంచి ఆ అధ్యాయం కార్డులను మాత్రమే తెరవండి. చదవని అధ్యాయం కార్డులను తిప్పడం అర్థం తెలియని మంత్రాన్ని వల్లించడం లాంటిది.

కార్డు ఎలా రాయాలో కూడా చెబుతాను, చాలామంది ఓడిపోయేది అక్కడే. "రక్తంలో పొటాషియం పెరగడం గురించి రాయండి" అన్నది కార్డు కాదు, వ్యాసరచన పోటీ. "పొటాషియం పెరిగినప్పుడు ఈసీజీలో సాధారణంగా మొదట మారే తరంగం ఏది?" అన్నది కార్డు. జవాబు టీ తరంగం, మొనదేలి పైకి లేస్తుంది. ఇంకా మంచిది ఎందుకు అని అడిగేది. "అప్పుడు కాల్షియం ఎందుకు ఇస్తాం? పొటాషియం తగ్గుతుందా?" తగ్గదు. గుండె కండర కణాల పొరను స్థిరపరచి, ప్రమాదకరమైన లయలు రాకుండా కాస్త సమయం ఇస్తుంది. పొటాషియంను కణాల్లోకి పంపడానికి ఇన్సులిన్, గ్లూకోజ్ వంటివి వేరే కావాలి. ఈ రెండో కార్డు తెలిసిన విద్యార్థి అర్ధరాత్రి వార్డులో కాల్షియం ఇచ్చేసి పని అయిపోయిందనుకోడు.

నాలుగు రోజులు ఆంకీ తెరవకపోతే బాకీ కార్డులు వందల్లో పేరుకుంటాయి. చాలామంది అక్కడే వదిలేస్తారు. వదిలేయకండి. కొత్త కార్డులు ఆపేసి, రోజుకు ఇన్ని అని పాతవాటిని తీర్చుకుంటూ రండి.

ప్రశ్నల నిధులు వేరే జాతి. కార్డు ఒంటరి సంగతిని అడుగుతుంది. మంచి ప్రశ్న ఒక రోగిని ఎదురుగా కూర్చోబెడుతుంది. ఆయాసంతో వచ్చిన అరవై ఏళ్ల మనిషికి గుండె వైఫల్యమా, ఊపిరితిత్తుల జబ్బా, రక్తహీనతా? ఒకేలా కనిపించే వాటిని వేరుచేయడం కార్డులతో రాదు. చిక్కేమిటంటే, ఈ రకంలో మంచివి ఎక్కువగా డబ్బు కట్టవలసినవే. ఉచితంగా దొరికేవాటిలో, పరీక్షలు నిర్వహించే సంస్థలు తమ సొంత సైట్లలో పెట్టే నమూనా ప్రశ్నలు అన్నిటికంటే నమ్మదగ్గవి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పెట్టే చిత్రం ప్రశ్న వారానికొకటి వస్తుంది, మిత్రులు నలుగురు కలిసి వాదించుకోవడానికి బాగుంటుంది. చేతులు మారుతూ తిరిగే దొంగ ప్రతుల జోలికి వెళ్లకండి. అది తప్పు పని అన్నది మొదటి కారణం. వాటిలో జవాబులు తారుమారై ఉండటం, పాతబడిపోయి ఉండటం రెండో కారణం.

మొదటి రెండేళ్లు కార్డులకు ఎక్కువ సమయం ఇవ్వండి. వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచి ప్రశ్నలకు ఎక్కువ, కార్డులకు తక్కువ. రెంటికీ సమానంగా ఇద్దామనుకున్నవారు సాధారణంగా రెండూ సగంలో ఆపేయడం చూశాను.

కన్ను, చెవి

ఉచిత సాంకేతికత వైద్యవిద్యకు చేసిన అతిపెద్ద మేలు ఇక్కడే అని నా నమ్మకం. పాఠ్యపుస్తకంలో ఒక జబ్బుకు ఒక ఎక్స్‌రే ఉంటుంది, ఆ జబ్బుకు ఆదర్శంగా. నిజమైన రోగుల ఎక్స్‌రేలు అంత స్పష్టంగా ఉండవు. 2005 చివర్లో ఆస్ట్రేలియా రేడియాలజిస్టు ఫ్రాంక్ గైలార్డ్ మొదలుపెట్టిన రేడియోపీడియాలో గుండె వైఫల్యం అని వెతికితే, ఎన్నో రకాల ఛాతీ చిత్రాలు కనిపిస్తాయి. పెద్దదైన గుండె, ఊపిరితిత్తుల అంచున అడ్డంగా కనిపించే సన్నటి కర్లీ బి గీతలు, పొరల మధ్య చేరిన నీరు, కొన్నిట్లో స్పష్టంగా, కొన్నిట్లో ఉందా లేదా అన్నట్టు. ఆ "ఉందా లేదా" చిత్రాలే నేర్పుతాయి. చూసే పద్ధతి ఒకటుంది. వివరణను చేత్తో కప్పేసి, మీకు కనిపించినది నోటితో చెప్పి, ఆ తర్వాతే చదవండి. ఈసీజీలకు ఇలాంటి సంపద లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్ వారి ఈసీజీ భాండాగారంలో ఉంది. కణజాల పరీక్షలకు పాథాలజీ అవుట్‌లైన్స్ ఉంది కానీ అది వృత్తిలో ఉన్నవారి కోసం తయారైనది. విద్యార్థి దాన్ని సందేహం తీర్చుకోవడానికి తెరవాలి, వరుసగా చదవడానికి కాదు.

చర్మ లక్షణాల దగ్గర ఒక హెచ్చరిక చేయాలి. పుస్తకాల్లోనూ సైట్లలోనూ ఉన్న చిత్రాల్లో ఎక్కువ భాగం తెల్లటి చర్మం మీద తీసినవి. "ఎర్రటి దద్దురు" అని చదివి గోధుమరంగు లేదా నల్లటి చర్మం మీద ఎరుపు కోసం వెతికితే కనిపించదు. అక్కడ అది ఊదారంగులోనో, చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురుగానో ఉంటుంది. ఆక్సిజన్ తగ్గి వచ్చే నీలిరంగు కోసం పెదవుల లోపలి వైపు, నాలుక చూడాలి. లండన్‌లోని సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా ఉన్న మలోన్ ముక్వెండే, ఇద్దరు అధ్యాపకులతో కలిసి 2020లో ఈ లోటు తీర్చడానికే ఒక చేతిపుస్తకం తయారుచేసి ఉచితంగా పెట్టాడు. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నుంచి పుట్టిన పని అది. చర్మవ్యాధుల సైటు డెర్మ్‌నెట్‌లో చిత్రాలు చాలా ఉన్నాయి, ఈ చేతిపుస్తకాన్ని దాని పక్కన పెట్టుకుని చూడండి.

శరీర నిర్మాణానికి తెర మీద తిప్పి చూసే త్రిమితీయ నమూనాలు మంచివా, శవచ్ఛేదనం మంచిదా అని అడుగుతుంటారు. ఒకదాని బదులు మరొకటి రాదు. జెడ్-అనాటమీ వంటి ఉచిత నమూనాలో ఒక కండరాన్ని తొలగించి కింద ఏముందో చూసి, మళ్లీ తిరిగి పెట్టవచ్చు. ఛేదించిన శరీరంలో అది కుదరదు. కానీ నమూనాలో అన్ని ధమనులూ పుస్తకం చెప్పిన చోటే ఉంటాయి. మనుషుల్లో ఉండవు. అందుకే శవచ్ఛేదనానికి వెళ్లే ముందు రాత్రి నమూనా చూడండి, వచ్చాక మళ్లీ ఒకసారి చూడండి. అడ్డుకోతల్లో శరీరం ఎలా కనిపిస్తుందో కావాలంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు ఉంది. 1994లో పురుష శరీరాన్ని ఒక మిల్లీమీటరు చొప్పున, 1995లో స్త్రీ శరీరాన్ని మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున కోసి తీసిన చిత్రాలవి. సీటీ స్కాన్ చదవడం మొదలుపెట్టినవారికి వీటి విలువ తెలుస్తుంది.

ఇక చెవి సంగతి. గుండె వైఫల్యంలో, మామూలు రెండు చప్పుళ్లకు తోడుగా వినిపించగల మూడో చప్పుడును ఎంతమంది నిజంగా విన్నారని తరగతిలో అడిగితే చేతులు పైకి లేవవు. నెట్‌లో రికార్డులున్నాయి, మిషిగన్ విశ్వవిద్యాలయం వారి గుండె చప్పుళ్ల సంగ్రహం అందరికీ అందుబాటులో ఉంది. అయినా వినబడదు. కారణం చిన్నది. మూడో, నాలుగో చప్పుళ్లు చాలా మంద్రంగా ఉంటాయి, ఫోను స్పీకరు అంత కింది స్థాయి ధ్వనిని సరిగ్గా పలికించలేదు. విద్యార్థి తన చెవిలో లోపం ఉందనుకుని వదిలేస్తాడు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నిశ్శబ్దమైన గదిలో వినండి. ఒకసారి విని సరిపెట్టకండి కూడా. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో నాలుగు రకాల మర్మర్లను (గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దాలను) ఒక్కొక్కటి 500 సార్లు విన్న విద్యార్థులు వాటిని పోల్చుకోవడంలో ఎంతో మెరుగయ్యారు. 500 అంటే బెదిరిపోకండి, గుండె నిమిషానికి 70 సార్లు పైగా కొట్టుకుంటుంది, ఒక్కో మర్మర్‌ను రోజుకు రెండు నిమిషాలు వింటే వారంలోపే పూర్తవుతుంది. తర్వాత వార్డులో స్టెతస్కోపు గంటవైపును (బెల్) ఒత్తకుండా తేలికగా ఆనించి వినండి.

రోగిని పరీక్ష చేసే పద్ధతికి గీకీ మెడిక్స్ పాఠాలు వరుస నేర్పుతాయి. రోగి మంచం పక్కన ఏమి గమనించాలో స్టాన్‌ఫర్డ్ మెడిసిన్ 25 చూపిస్తుంది. ఆపైన చేతులే నేర్చుకోవాలి.

నిజమో కాదో తేల్చుకోవాలంటే

పబ్‌మెడ్ 1997లో ప్రజలందరికీ ఉచితంగా తెరుచుకుంది. ఇప్పుడు 3.5 కోట్లకు పైగా పరిశోధన పత్రాల వివరాలు అందులో ఉన్నాయి. చాలామంది దాన్ని గూగుల్‌లా వాడి, మొదట కనిపించిన పత్రాన్ని సాక్ష్యంగా పట్టుకుంటారు. ఒక చిన్న అధ్యయనం ఏదైనా చెప్పగలదు. పక్కనున్న ఫిల్టర్లలో క్రమబద్ధ సమీక్షలను (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కూర్చి తూచే పత్రాలను), పూర్తి పాఠం ఉచితంగా ఉన్నవాటిని ఎంచుకుంటే వేల ఫలితాలు పదుల్లోకి వస్తాయి. పూర్తి పాఠాలకు 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ జోడింపు, పత్రానికి చట్టబద్ధంగా ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. తక్కువ ఆదాయ దేశాల్లోని సంస్థలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రారంభించిన హినారి పథకం ఉంది, మీ గ్రంథాలయాధికారిని అడగండి. అయినా, ఒక చికిత్స పనిచేస్తుందా లేదా అన్న సూటి ప్రశ్నకు విద్యార్థి పబ్‌మెడ్ కంటే ముందు కాక్రేన్ సమీక్షల సారాంశాలు చూడటం మేలు. అవి అందరికీ ఉచితం, సామాన్య భాషలోనూ ఉంటాయి, అధ్యయనాలను తూకం వేసే పని అప్పటికే చేసి పెడతాయి.

వికీపీడియాను నేను తోసిపుచ్చను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యకళాశాల 2013 నుంచి అక్కడి వైద్య వ్యాసాలను మెరుగుపరిచినందుకు విద్యార్థులకు క్రెడిట్లు ఇచ్చింది. కొత్త పదం ఎదురైతే మొదట అక్కడికి వెళ్లండి. రోగికి మందు రాసే నిర్ణయం మాత్రం దాని మీద నిలబెట్టకండి.

సంభాషించే కృత్రిమ మేధ గురించి అందరూ అడుగుతున్నారు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. మరుసటి ఏడాదే, అది అమెరికా లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణత దరిదాపులకు చేరిందని ఒక అధ్యయనం చూపింది. అయితే అది తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే ధీమాతో చెబుతుంది. లేని పరిశోధన పత్రాలకు పేర్లు, సంవత్సరాలు కల్పించి ఇవ్వగలదు. తప్పును పసిగట్టడానికి కావలసిన జ్ఞానం విద్యార్థి దగ్గర ఇంకా లేదు, అసలు ప్రమాదం అది. కాబట్టి దాన్ని జవాబుల పుస్తకంగా వాడకండి. పరీక్షకుడిగా వాడండి. "గుండె వైఫల్యం మీద నన్ను ఒక్కొక్క ప్రశ్న అడుగు, నేను జవాబు చెప్పేదాకా ఆగు" అనండి. ఆ జవాబులను మీ పుస్తకంలో సరిచూసుకోండి. మందు మోతాదు దాన్ని ఎప్పుడూ అడగవద్దు. రోగి వివరాలు అందులో ఎప్పుడూ రాయవద్దు.

తేదీ, కొలత, పేరు

వనరు ఏదైనా, ఈ మూడూ చూడకుండా నమ్మవద్దు.

తేదీ ఎందుకంటే, గుండె పంపే శక్తి తగ్గిన వైఫల్యానికి మధుమేహం మందులుగా వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలు మేలు చేస్తాయని 2019, 2020లో వచ్చిన పెద్ద ఔషధ పరీక్షలు చూపించాయి. 2021లో యూరప్, 2022లో అమెరికా మార్గదర్శకాలు వాటిని ప్రాథమిక చికిత్సలో చేర్చాయి. లక్షలమంది చూసిన 2016 నాటి వీడియోలో ఆ మాటే ఉండదు. వీక్షకుల సంఖ్య తాజాదనానికి గుర్తు కాదు. 2010కి ముందు నాటి పునరుజ్జీవన (సీపీఆర్) పాఠాల్లో ముందు శ్వాసమార్గం, తర్వాత ఛాతీ నొక్కడం అని ఉంటుంది. ఆ ఏడాది అమెరికా మార్గదర్శకాలు ఆ వరుసను మార్చి, పెద్దల్లో ఛాతీ నొక్కడాన్నే ముందుకు తెచ్చాయి. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించడం) నిర్వచనం 2016లో మారింది. కొన్నిచోట్ల రెండు జవాబులూ సరైనవే అయి ఉంటాయి. అధిక రక్తపోటు 130/80 నుంచి అని 2017 నాటి అమెరికా మార్గదర్శకం అంటే, యూరప్ వారు 140/90 అంటారు. మీ పరీక్షకులు, మీ ఆసుపత్రి ఎవరిని అనుసరిస్తారో కనుక్కోండి.

కొలతల్లో తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. ఒక సైటులో రక్తంలో గ్లూకోజ్ 7 అని, మరోచోట 126 అని ఉంటే రెండూ ఒక్కటే. మొదటిది లీటరుకు మిల్లీమోల్స్, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాములు, మధ్య గుణకం 18. క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల నుంచి లీటరుకు మైక్రోమోల్స్‌లోకి మార్చే గుణకం 88.4. పేర్లూ అంతే. అడ్రినలిన్, ఎపినెఫ్రిన్ ఒకటే మందు. పారాసెటమాల్, ఎసిటమినోఫెన్ ఒకటే. శాల్బ్యుటమాల్, ఆల్బ్యుటెరాల్ ఒకటే. వేరే దేశపు కార్డులు తిప్పేవారు మొదటి రోజే ఈ జంటలకు కార్డులు రాసుకోవాలి.

బోధించేవారికి

తరగతి కోసం ఎంచుకునే అధ్యాపకులు ఉచితం అన్న మాటను, వాడుకునే అనుమతిని వేరువేరుగా చూడాలి. రేడియోపీడియా చిత్రాలను లాభాపేక్ష లేని బోధనకు, మూలాన్ని పేర్కొంటూ వాడుకోవచ్చు. యూట్యూబ్ వీడియోను ముక్కలు చేసి మన స్లైడ్లలో పెట్టుకునే హక్కు అది ఉచితంగా కనిపించినంత మాత్రాన రాదు. పది నిమిషాల వీడియోను ముందు రోజే ఇంట్లో చూసి రమ్మని, తరగతి గంటనంతా ఒక రోగి కథ మీద చర్చకు ఇవ్వడం నాకు బాగా ఫలించింది. మొదటి అయిదు నిమిషాల్లో మూడు చిన్న ప్రశ్నలు పెట్టకపోతే సగంమంది చూడకుండానే వస్తారు.

సొంత వార్డు ఫొటోలను సందేశాల గ్రూపుల్లో పంచుకునే అలవాటు నన్ను బాధిస్తుంది. చదువు కోసమే అయినా, రోగి రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ముఖం కానీ, ఎక్స్‌రే మూలలో ఉన్న పేరు కానీ, ఎవరో గుర్తుపట్టగల మచ్చ కానీ బయటికి వెళ్లకూడదు. తన శరీరాన్ని మనకు చూపించిన మనిషి అది మన ఫోనుల్లో తిరుగుతుందని ఊహించి ఉండడు.

మీ పరిస్థితిని బట్టి

నెట్ సరిగ్గా అందని చోట ఉన్నవారు ఓపెన్‌స్టాక్స్ పుస్తకం, ఆంకీ, కివిక్స్ యాప్ ద్వారా దించుకునే వికీమెడ్ విజ్ఞానసర్వస్వం, ఈ మూడూ ఒక్కసారి దించుకుంటే నెలల తరబడి నెట్ లేకుండా చదవగలరు. వీడియోలను తర్వాత చూడవచ్చు. మొదటి ఏడాదివారికి ఒక వీడియో ఉపాధ్యాయుడు, ఒక త్రిమితీయ నమూనా, సొంత కార్డులు. వార్డుల్లోకి వచ్చినవారికి స్టాట్‌పెర్ల్స్, రేడియోపీడియా, ఈసీజీ భాండాగారం, ప్రశ్నలు. పరీక్ష రెండు నెలల్లో ఉన్నవారు కొత్తది ఏదీ మొదలుపెట్టవద్దు. ఇప్పటికే వాడుతున్నది అరకొరగా ఉన్నా దానితోనే ముగించండి.

ఆ అమ్మాయి ఫోనులో ఆ రాత్రి ఏడు యాప్‌లు తీసేశాం. నాలుగు ఉంచాం. అయిదోది కావాలంటే ఉన్న నాలుగింటిలో ఒకటి పోవాలన్నది మేము పెట్టుకున్న నియమం. హెడ్‌ఫోన్లు నావి ఇచ్చాను. అయిదు వారాల తర్వాత వార్డులో ఒక పెద్దాయన ఛాతీ మీద స్టెతస్కోపు గంటను తేలికగా ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విని, "మూడో చప్పుడు ఉంది మేడమ్" అంది. నేనూ విన్నాను. ఉంది.